ఆల్టరేషన్

పట్నంబజారు సందులో మా కొట్టుకి
కొత్త గుడ్డల కంటే
విప్పి కుట్టాల్సినవే ఎక్కువ వస్తాయి.
"కాశింబీ, చంకలో పట్టేసింది, ఓ అరంగుళం వదులు" అంటారు.
లోపల మడత మిగిల్చి కుట్టిన జాకెట్టునే
అలా వదలగలం.
మిగల్చని దాన్ని ఏ దర్జీ ఏం చెయ్యలేడు.

కొత్తపేటలో స్కానింగమ్మ
మెడ మీద చల్లటి జిగురు రాసి
మిషను అటూ ఇటూ జరిపింది.
తెర మీద నల్లగా, చెవిదుద్దులంత రెండు.
"ఎడమవైపు గొలుసులో మళ్ళీ వచ్చాయి" అంది.
గొలుసంట!
నాకున్నవి నల్లపూసలే.
అవీ తీసి మా రేష్మా గుప్పెట్లో పెట్టి వచ్చాను.

నాలుగేళ్ళ కిందట థైరాయిడ్ మొత్తం తీసేసినప్పుడు
"ఇది మంచి కాన్సర్" అన్నారు అందరూ.
ఫాల్సులు కుట్టే రత్నకుమారైతే
చీటీ పాట తగిలినట్టు చెప్పింది.
మంచిది కాబట్టే కాబోలు
దారి మర్చిపోలేదు.

నాన్న దూదేకేవాడు.
విల్లు మోగినంతసేపూ మా ఇంట్లో మంచు కురిసేది.
పరుపు మూతి కుట్టేముందు
కళ్ళు మూసుకుని, మోచేతి దాకా చెయ్యి దూర్చి వెతికేవాడు.
"ఎంత ఏకినా ఒక గింజ దాక్కుంటదే,
పడుకున్నాక అదే వీపుకి తగిలిద్ది."
ఇప్పుడు రాత్రిళ్ళు నా వేళ్ళు
దవడ కింద అట్లాగే వెతుకుతున్నాయి.
తగిలితే భయం.
తగలకపోతే, సరిగా వెతకలేదేమోనని.

డాక్టరు కాయితం మీద మెడ బొమ్మ గీశాడు.
"పాత కుట్టు మీదనుంచే తెరిచి
చెవి దాకా తీసుకెళ్తాను.
కుడివైపు ఒకటుంది, ఆరు మిల్లీమీటర్లు.
దాన్ని ఇప్పుడు ముట్టుకోను,
ఆర్నెల్లకోసారి చూద్దాం."
"విప్పిన చోటే మళ్ళీ విప్పితే
గుడ్డ పోగులొచ్చిద్ది కదా సార్?"
పెన్ను ఆపి, మొదటిసారి నా మొహం చూశాడు.
"అందుకే నిదానంగా చేస్తా.
గొంతు నరం, భుజం నరం అక్కడే ఉంటాయి."

ఇరవై మూడు తీశారు, అయిదింట్లో ఉంది.
గొంతు దక్కింది, కాస్త బొంగురుగా.
వేళ్ళ కొసల్లో చీమలు పాకితే
కాల్షియం బిళ్ళ నమలాలి.
ఎడమ చెయ్యి మాత్రం
హ్యాంగరు దాకా లేవనంటది.

తర్వాత అయోడిన్ మందు.
దానికి ముందు రెండు వారాలు
పాలు లేవు, చేప లేదు, ప్యాకెట్టుప్పు లేదు.
మా ఆయన చినగంజాం పోయి
కొటార్ల దగ్గర మురికి కళ్ళుప్పు తెచ్చాడు.
గుంటూరులో పుట్టి
పాత పచ్చడి జాడీకి వీపు పెట్టి కూర్చున్నా.

బెజవాడలో సీసం తలుపు గదిలో మూడు రోజులు.
అన్నం గుమ్మంలో పెట్టి పరిగెత్తేవాళ్ళు.
నిమ్మచెక్క చప్పరిస్తూ
గోడకి చెప్పుకున్నా, నేనిప్పుడు నిప్పునని.
నవ్వొచ్చింది. ఎవరికీ వినపడలేదు.
ఫోనులో రేష్మా,
"అమ్మా, చీకట్లో మెరుస్తున్నావా?"
లైటు ఆర్పి చూసుకున్నా, దాని కోసం.
లేదు.

మొన్నటి రక్తపరీక్షలో అంకె దిగింది,
సున్నా కాలేదు.
కాలర్ నెక్ వేసుకుంటే మచ్చ కనపడదంది రత్నకుమారి.
ఈ ఎండల్లో కాలరా?

ఆ ఆరు మిల్లీమీటర్లు
టేపు మీద పెట్టి చూశా.
పావంగుళానికి పిసరు తక్కువ.
పక్క కుట్టులో నేను
రేపటి కోసం వదిలే మడత కంటే తక్కువే.

గుమ్మంలో ఎవరో పిల్ల, చేతిలో చిలకపచ్చ జాకెట్టు.
"వదులు చెయ్యాలక్కా, ఎప్పుడిస్తావు?"
"గురువారం."
"ఖాయమేనా?"
సుద్దముక్క తీసుకుని
గుడ్డ మీద రాశాను.
గురువారం.